ఏ ఊరి భావనారాయణ?

మొన్న మంగళవారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్ తెరిచేసరికి మా పుట్టింటి ఇంటిపేరు వాళ్ళ గ్రూపులో ఒక మెసేజీ కనిపించింది. "గంజి భావనారాయణ గారు ఈ ఉదయం ఆకస్మికంగా స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము. వివరాలకు" అని, కింద ఒక ఫోన్ నంబరు. అంతే. ఊరు లేదు, వయసు లేదు, ఫోటో లేదు. దాని కింద అప్పటికే ముప్పై మంది దాకా ఓం శాంతి అని పెట్టి దణ్ణాల బొమ్మలు అతికించారు. నా మేనల్లుడి పేరు గంజి భావనారాయణ. నా తమ్ముడికి ఒక్కగానొక్క కొడుకు. ముప్పై మూడేళ్ళ వాడు. కంకిపాడు నుంచి రోజూ మోటారు సైకిల్ మీద విజయవాడ వచ్చి ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. ఆరున్నరకి మొదటి క్లాసు. ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీద లారీలు ఎలా వస్తాయో నాకు తెలుసు, వాడు బండి ఎలా నడుపుతాడో ఇంకా బాగా తెలుసు.

వాడికి ఫోన్ చేశాను. స్విచ్ఛాఫ్. క్లాసులో ఉన్నంతసేపూ ఆఫ్ చేసే ఉంచుతాడు, అది నాకు తెలిసిన సంగతే, కానీ ఆ క్షణాన తెలిసిన సంగతులేవీ పనికిరాలేదు. తమ్ముడికి చేద్దామని నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. వాడికి ఇంకా తెలియకపోతే నేను ఏమని అడగాలి? తెలిసి ఉంటే నాకెందుకు చెప్పలేదు? చెప్పలేదంటే అంతా క్షేమమేనా, లేక చెప్పే స్థితిలో లేడా? మా వారు రైతుబజారుకి వెళ్ళారు. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అరవై ఆరేళ్ళ దాన్ని, ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, కుర్చీలోంచి లేవలేక చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఈ భయం నాకు కొత్తది కాదు. ఇదే పేరుతో ఒకసారి మా ఇంటికి వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

గంజి అనేది మా పుట్టింటి ఇంటిపేరు. పెళ్ళయ్యాక నా ఇంటిపేరు మారింది గనక ఆ గ్రూపులో ఉండే హక్కు నాకు నిజానికి లేదు. "నువ్వు మారావు గానీ నీ గొంతు మారలేదత్తా, ఉండు" అని మా మేనల్లుడే నన్ను అందులో చేర్చాడు. రెండొందల పైచిలుకు మంది ఉంటారు. కార్తీక మాసంలో వనభోజనాలు, రోజూ పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యమధ్య ఇంటిపేరు మీద పెద్ద చర్చలు. ఒకాయన మన పూర్వీకులు కరువు రోజుల్లో ఊరందరికీ గంజి పోసిన దాతలు అంటాడు. ఇంకొకాయన కాదు, అది ఫలానా ఊరి పేరులోంచి వచ్చింది అంటాడు. గుంటూరులో పేరుమోసిన డాక్టరు మనవాడే, ఫలానా చోట హెడ్మాస్టరు మనవాడే అని ఫోటోలు పెడుతుంటారు. నేను వాళ్ళతో వాదించను. మా ఇంట్లో గంజి అంటే ఏమిటో నా ముక్కుకి తెలుసు.

ఉయ్యూరు దాటి ఇంకొంచెం లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు మాది. మా వీధిలో ఇరవై ఇళ్ళుంటే ఇరవై ఇళ్ళలోనూ మగ్గాలే. బియ్యం ఉడికించి, వార్చి, ఒక రాత్రి పులియనిచ్చిన గంజి వాసన మా ఇంటి గోడలకే పట్టేసి ఉండేది. తెల్లారగానే నూలు పడుగుని, అంటే నిలువు పోగులని, వీధి పొడుగునా సాగదీసి, నాన్న ఒక పక్క, బాబాయి ఒక పక్క నిలబడి కుంచెలతో ఆ గంజి పట్టించేవాళ్ళు. ఎండ ముదిరేలోగా ఆ పని అయిపోవాలి. గంజి పట్టని దారం మగ్గం మీద నాలుగు దెబ్బలకే తెగిపోతుంది. అమ్మ రాట్నం ముందు కూర్చుని పుల్లలకి నూలు ఎక్కించి కండెలు చుట్టేది. నేను బడికి వెళ్ళే ముందు పది కండెలు చుట్టి వెళ్ళాలి, వచ్చాక పది. బడిలో హాజరు పిలిచేటప్పుడు మాష్టారు "గంజి" అనగానే వెనక బెంచీలోంచి "తాగొచ్చావా?" అని ఎవడో ఒకడు అనేవాడు. నేను ఏడుస్తూ ఇంటికొస్తే నాన్న నవ్వేవాడు. "అన్నం తినేవాళ్ళకేం తెలుసే, నూలుకి బలం మనమే" అనేవాడు.

నాయనమ్మ మాత్రం ఇంటిపేరు గురించి నవ్వుతూ మాట్లాడగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని పత్తిలోంచి గింజలు ఏరుతూ మా ఇంటిపేరులో పేరుపొందిన వాళ్ళ కథలు చెప్పేది. ఆ కథల్లో వాళ్ళు ఎలా బతికారన్నది రెండు ముక్కల్లో అయిపోయేది. ఎలా పోయారన్నది మాత్రం పూట పట్టేది. గంజి నాగయ్య అంతటి నేతగాడు ఈ జిల్లాలోనే లేడు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టగానే పాము కరిచింది. గంజి పాపమ్మ అంతటి గుండెగల ఆడది లేదు, కలరా వచ్చి వీధి వీధంతా ఖాళీ అయినా ఒక్కతే కూర్చుని నేసింది, చివరికి తను నేసిన బట్టే తన మీద కప్పారు. గంజి రామన్న పడవలో బట్టల మూటలతో కాలవ మీద పోతూ పోతూ మరి కనిపించలేదు. మంచం పట్టి మామూలుగా పోయినవాళ్ళు నాయనమ్మ దృష్టిలో గొప్పవాళ్ళు కారు. నాన్న మగ్గం గుంటలోకి దిగిన ప్రతిసారీ నేను ముందుగా వంగి లోపలికి చూసేదాన్ని. అమ్మ చీపురు పుల్లతో గుంట అంచులు తట్టేదాకా నాన్న పంచె పట్టుకుని వదిలేదాన్ని కాదు.

ఇంకొక సంగతి చెప్పాలి. మా పాలివాళ్ళలో, అంటే ఒకే ఇంటిపేరుతో ఒకే వంశంలోంచి చీలిన దాయాదుల్లో, ప్రతి ఇంటా ఒకడికి భావనారాయణ అని పెట్టేవాళ్ళు. నేతపని వాళ్ళకి కులదైవం పేరది. మా నాన్న భావనారాయణ. నాన్న ఎరికలో ఇంకో నలుగురు గంజి భావనారాయణలు ఉండేవాళ్ళు. పాలివాళ్ళలో ఎవరు పోయినా అందరికీ పది రోజుల మైల, అంచేత ఎక్కడ ఎవరు పోయినా తెలిసిన గంజి వారిళ్ళన్నిటికీ కార్డు ముక్క రాసి పడెయ్యటం ఆనవాయితీ. పెళ్ళి ఉత్తరమైతే నాలుగు మూలలా పసుపు ఉండేది. పసుపు లేని కార్డు వచ్చిందంటే నాయనమ్మ దాన్ని గడప దాటనిచ్చేది కాదు. వీధిలోనే నిలబడి చదవాలి, చదివిన వెంటనే చించి పారెయ్యాలి, కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకుని అప్పుడు లోపలికి రావాలి. ఆ కార్డు ఒక్క క్షణం ఎక్కువ చేతిలో ఉన్నా చావు ఇంట్లోకి దారి చూసుకుంటుందని ఆవిడ నమ్మకం. చదివేది నేను. నాన్న, బాబాయి పనిలో ఉంటే ఇంట్లో అక్షరం ముక్క గబగబా చదవగలిగింది నేనొక్కదాన్నే.

ఆ ఏడు వానలు ఆగకుండా పడుతున్నాయి. వీధిలో పడుగు సాగదీసే వీలు లేదు. ఉన్న చీరలు మూట కట్టుకుని నాన్న బెజవాడ బట్టల కొట్టుకి వెళ్ళాడు. మర్నాటికి రావలసినవాడు రాలేదు. కాలవ కట్ట తెగి రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయని, బస్సులు ఆగిపోయాయని ఎవరో చెప్పారు. మూడో రోజు మధ్యాహ్నం గొడుగు కింద తడుస్తూ పోస్టుమాన్ వచ్చి, "పసుపు లేదమ్మా" అని ముందే చెప్పి కార్డు నా చేతిలో పెట్టాడు. నేను వీధిలోకి దిగి నిలబడ్డాను. నాయనమ్మ గడప అవతల, ఆవిడ వెనక తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ. కార్డు నిండా సిరా పెన్సిలు రాత, తడి తగిలిన చోటల్లా ఊదారంగు తిరిగింది. కూడబలుక్కుంటూ చదివాను. "మన గంజి భావనారాయణ కాలము చేసినాడు."

అంతే చదివాను. ఇంకా మూడు వరసలు ఉన్నాయి. నాయనమ్మ ఒక్క అంగలో వీధిలోకి దిగి ఆ కార్డు నా చేతిలోంచి లాక్కుని, రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చించి మురిక్కాలవలోకి విసిరేసింది. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, ఏం చేస్తున్నానన్న ఆలోచన రాకముందే ఆ పని చేసేసింది. ఆ తర్వాత ఆవిడ నిలబడిన చోటే నిలబడిపోయింది. నీళ్ళు పొంగి పారుతున్న కాలవలో ఆ ముక్కలు ఒక్కొక్కటే వెళ్ళిపోతుంటే ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

"ఏ ఊరని రాసుందే?" అంది నాయనమ్మ. ఆ గొంతు ఆవిడది కాదు.

"తెలీదు నాయనమ్మా. అక్కడిదాకా చదవలేదు."

"చూశావుగా? కళ్ళతో అన్నా చూశావుగా? గుర్తు తెచ్చుకోవే! ఏ ఊరు?"

ఆవిడ నా భుజాలు పట్టి కుదుపుతోంది. అమ్మ కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పకపోతే ఆ చేతులు నన్ను వదలవనిపించింది. మూడు రోజులుగా ఇంట్లో అందరి నోళ్ళలోనూ నానుతున్న ఊరు ఒక్కటే. "బెజవాడ" అన్నాను. నిజంగా చూసి అన్నానో, భయపడి అన్నానో ఈ రోజుకీ నాకు తెలియదు. అమ్మ తమ్ముడితో సహా గడప మీద కూలబడింది.

బాబాయి పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యకే ఏదన్నా అయితే టెలిగ్రాం ఇస్తారు గానీ తీరిగ్గా కార్డు రాస్తారా వదినా? బుర్ర పెట్టి ఆలోచించండి" అని అందరినీ కసిరాడు. కసిరినవాడు మరి ఒక్క నిమిషం కూడా నిలవకుండా, బస్సులు లేకపోతే నడిచైనా పోతానని ఆ వానలోనే బయల్దేరాడు. అందరం తలమీద నీళ్ళు పోసుకున్నాం. పొయ్యి వెలిగించలేదు. మగ్గాలు ఆగిపోయాయి. అంతకుముందు ఆ ఇంట్లో నిశ్శబ్దం ఎలా ఉంటుందో నేను ఎరగను. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడకి ఆనుకుని కూర్చోసాగారు. ఎవరూ ఏమీ అడగలేదు, కానీ అందరి చూపులూ అమ్మ చేతుల మీదే ఉన్నాయి. ఎదురింటి ముసలావిడ "గాజులు..." అని ఏదో అనబోయింది. అమ్మ రెండు చేతులూ కొంగులో దాచేసుకుని, "ఇంకా తెలీలేదు పిన్నీ, ఇంకా తెలీలేదు" అంది. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటూ ఉండిపోయింది. బెజవాడ అని చెప్పింది నేనే గనక, నాన్నని నేనే చంపేశాననుకున్నాను. ఎవరూ చూడకుండా వెళ్ళి మురిక్కాలవ చివర చెత్తలో చెయ్యి పెట్టి వెతికాను. రెండు ముక్కలు దొరికాయి. వాటి మీద ఊదారంగు మరకలు తప్ప ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం నాన్న నడుచుకుంటూ వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, నెత్తిన ఖాళీ సంచీ. దారిలో బాబాయి ఎదురుపడలేదట, ఎవరు ఏ గట్టున వచ్చారో; బాబాయి మర్నాటికి గానీ తిరిగి రాలేదు. వీధి మొదట్లో నాన్నని చూసి కేక వేసింది నేనే. నాయనమ్మ పరుగున వచ్చి గడపలో అడ్డంగా నిలబడి, "ఆగు! అక్కడే ఆగు!" అని అరిచింది. నాన్న ఆగాడు. ఆవిడ కొడుకుని కింది నుంచి పైదాకా, ముఖ్యంగా దెయ్యానికిలా వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని పాదాలు, చూసింది. బిందె ఎత్తి నెత్తిన గుమ్మరించింది. "నేనేనమ్మా, ఏంటిది?" అన్నాడు నాన్న ఉక్కిరిబిక్కిరి అవుతూ. అప్పుడు ఆవిడ వీధి మధ్యకి వెళ్ళి రెండు చేతులూ పైకెత్తి, "మనవాడు కాదు! పోయింది మనవాడు కాదర్రా!" అని వీధంతా వినబడేలా అరిచింది. ఇంటింటికీ తిరిగి బెల్లం ముక్కలు పంచింది. అమ్మ నవ్వుతూ ఏడుస్తూ పొయ్యి వెలిగించింది.

అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక గానీ నాన్నకి సంగతంతా తెలియలేదు. విని మెల్లగా, "మరి పోయిందెవరు?" అన్నాడు. "ఎవరైతే ఏంరా, నువ్వు కాదుగా" అంది నాయనమ్మ. ఎక్కడ ఏ ఇంటి వాళ్ళు పదో రోజుకి రమ్మని రాశారో, ఎవరు మా కోసం ఎదురు చూశారో మాకెవరికీ తెలియదు. ఆ పది రోజులూ నాన్న గడ్డం గీసుకోలేదు, ఎవరింటికీ వెళ్ళలేదు. "ఎవడో నా పేరుతోనే పోయాడు" అన్నాడొకసారి నాతో, మగ్గం దగ్గర కూర్చుని. మిగతా నలుగురు భావనారాయణల్లో ఆ పోయినవాడు ఎవరో తర్వాత ఎప్పుడైనా ఆయనకి తెలిసిందో లేదో నేను అడగలేదు. అడిగితే బెజవాడ మాట బయటికొస్తుందని భయం.

నాన్న ఆ తర్వాత చాలా కాలం బతికి, నాయనమ్మ లెక్కకి రాని మామూలు మనిషిలాగా మంచం మీద పోయాడు. ఆయన పోయిన ఏడాదికి తమ్ముడికి కొడుకు పుట్టాడు. అందరూ సంబరంగా ఆ పేరే పెడుతుంటే వద్దని అరవాలనిపించింది నాకు. చదువుకున్నదాన్ని, పంతులమ్మని, ఏమని వద్దంటాను? నవ్వుతూ బియ్యంలో పేరు రాయించాను. అప్పటినుంచీ ఈ ముప్పై మూడేళ్ళూ వాడు రావటం ఒక అరగంట ఆలస్యమైతే చాలు, వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడతాను. ఆ రోజుల్లో చావు కబురు చించేసేవాళ్ళం, మరి కళ్ళపడేది కాదు. ఇప్పుడు దాన్ని చించే వీలు లేదు. ఫోన్ పక్కన పెట్టినా అది అక్కడే ఉంటుంది, ఎన్నిసార్లు తెరిస్తే అన్నిసార్లూ అదే పేరు. ఊరు రాయకుండానే ముప్పై మంది ఓం శాంతి అనేశారు. ఏ ఊరాయనండీ అని ఒక్కరూ అడగలేదు. అప్పటికీ ఇప్పటికీ మనం ఎదిగింది ఏ పాటిదో నాకు తెలియటం లేదు.

మెసేజీ చూసి గంటకి పైగా అయింది. మేనల్లుడి ఫోన్ ఇంకా స్విచ్ఛాఫే. చివరికి మెసేజీ కింద ఉన్న నంబరే నొక్కాను. తమ్ముడి నోటి నుంచి వినడం కంటే ముక్కూ మొహం తెలియని వాళ్ళ నోటి నుంచి వినడం తేలికనిపించింది. రెండు సార్లు మోగాక ఒక అమ్మాయి ఎత్తింది. వెనక జనం మాటలు, ఎవరో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు.

"హలో, ఎవరండీ?"

"అమ్మా, గ్రూపులో చూశాను. భావనారాయణ గారి గురించి." ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను. "ఏ ఊరి భావనారాయణ గారమ్మా?"

"మంగళగిరండీ. మా నాన్నగారండీ. అరవై రెండేళ్ళండీ."

"అమ్మయ్య!" అన్నాను.

ఆ మాట నోరు దాటి ఫోన్లోకి వెళ్ళిపోయాక గానీ అన్నానని నాకు తెలియలేదు. గొంతు నిండా ఊపిరి వదిలి మరీ అన్నాను. అవతల కుర్చీల చప్పుడు కూడా ఆగినట్టనిపించింది. నాలుక కోసేసుకోవాలనిపించింది. అప్పటిదాకా నా మేనల్లుడి కోసం పడ్డ భయమంతా ఒక్కసారిగా సిగ్గుగా మారింది.

"తల్లీ, తప్పైపోయింది. అలా అనాలని కాదమ్మా. మా మేనల్లుడి పేరు కూడా అదే. వాడి ఫోన్ ఎంతకీ కలవక..."

"ఫర్లేదండీ" అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం లేదు, అలిసిపోయి ఉంది. "మీ వాళ్ళు బాగున్నారు కదండీ, అంతే చాలండీ. పొద్దుట్నుంచీ ఇలా అడగడానికి చేసిన వాళ్ళలో మీరు ఐదో వారండీ. అందరూ అమ్మయ్య అనే అన్నారు." ఒక్క క్షణం ఆగింది. "మా నాన్న ఎలా పోయారని మాత్రం ఇంకా ఎవరూ అడగలేదండీ."

నేను కళ్ళు తుడుచుకుని కుర్చీలో సరిగ్గా కూర్చున్నాను.

"ఎలా జరిగిందమ్మా?" అని అడిగాను.

ఆ అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేచి మొక్కలకి నీళ్ళు పోస్తున్నారటండీ, అంది. మధ్యలో ఫోన్ బీప్ మంది. తీసి చూస్తే మా మేనల్లుడు. క్లాసు అయినట్టుంది. దాన్ని మోగనిచ్చి, ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"చెప్పమ్మా" అన్నాను. "వింటున్నాను."